రగ్గులు అమ్మే కుర్రాడిని మా కాలనీలో రెండు గంటలు కూర్చోబెట్టారు. ఆ ఫోటో తీసింది నేనే

ఉప్పల్‌వాసి (శనివారం, రాత్రి 10:50)

ఇది రాయాలా వద్దా అని మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

బుధవారం పొద్దున పదకొండు గంటలప్పుడు మా వీధిలో ఒక కుర్రాడు కనిపించాడు. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. మాసిన చొక్కా, దుమ్ము పట్టిన జుట్టు, భుజం మీద నాలుగైదు రగ్గులు. ఒక్కో గేటు ముందు ఆగుతున్నాడు, లోపలికి తొంగి చూస్తున్నాడు, ఏమీ అడగకుండా ముందుకు వెళ్తున్నాడు. నేను ఆ రోజు ఇంట్లోనే పని చేసుకుంటున్నాను. బాల్కనీలోంచి ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద 'ఈ మనిషి అనుమానంగా తిరుగుతున్నాడు, అందరూ జాగ్రత్త' అని రాశాను. పది సెకన్లు కూడా ఆలోచించలేదు.

ఇరవై నిమిషాల్లో ఎనిమిది మంది పోగయ్యారు. నీళ్ల ట్యాంకు దగ్గరి అరుగు మీద కూర్చోబెట్టి ఆధార్ కార్డు అడిగారు. చూపించాడు. ఉత్తరప్రదేశ్ అడ్రసు ఉంది. 'ఇలాంటివి ఎన్నైనా చేయించుకోవచ్చు' అన్నారొకరు. ఫోన్ లాక్కుని ఫోటోలు, కాల్స్ చూశారు. వాడికి తెలుగు రాదు, మా వాళ్లలో సగం మందికి హిందీ అంతంతమాత్రం. సమాధానం ఆలస్యమైనందుకు ఒకాయన చెంప మీద కొట్టాడు. రెండు గంటల తర్వాత పోలీసు బండి వచ్చింది. వాళ్లు పది నిమిషాలు మాట్లాడి, రూములో ఉన్న ఆ కుర్రాడి అన్నకు ఫోన్ చేసి, పంపించేశారు.

గేట్ల ముందు ఎందుకు ఆగుతున్నాడో అప్పుడు తెలిసింది. అంతకు ముందు వీధిలో బెల్ కొట్టినందుకు ఎవరో తిట్టారట. అందుకని బెల్ కొట్టకుండా, వరండాలో ఎవరైనా కనిపిస్తే అడుగుదామని చూస్తున్నాడు.

నేను ఇదంతా బాల్కనీలోంచి చూస్తూనే ఉన్నాను. కిందికి దిగలేదు. వాడు రగ్గులు దులుపుకుని భుజాన వేసుకుని వెళ్తుంటే కూడా దిగలేదు.

ఇప్పుడు ఏం చేయాలో చెప్పండి. గ్రూపులో మాట్లాడదామంటే 'పెట్టింది నువ్వే కదా' అంటారు. నిజమే కదా మరి.


రెండో అంతస్తు (శనివారం, రాత్రి 11:25)

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ నా సంగతి కూడా చెప్తాను, కోపం తెచ్చుకోకండి.

మా ఆయన గల్ఫ్‌లో ఉంటారు. ఇంట్లో నేను, ఎనిమిదేళ్ల పాప. మధ్యాహ్నం బెల్ మోగితే ముందు గుండె దడ, తర్వాతే తలుపు. గ్రూపులో ఎవరైనా 'కొత్త మనిషి తిరుగుతున్నాడు' అని పెడితే, నాకు ఎవరో కాపలా ఉన్నారన్న ధైర్యం వస్తుంది. 2021 డిసెంబర్లో విజయవాడలో చెడ్డీ గ్యాంగ్ దొంగల సీసీ కెమెరా వీడియోలు వచ్చినప్పుడు అక్కడున్న మా చెల్లి ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపిందో నాకు తెలుసు. అది పుకారు కాదు కదా, నిజంగా జరిగిందే కదా.

కొట్టడం తప్పు. రెండు గంటలు కూర్చోబెట్టడం తప్పు. కానీ ఫోటో పెట్టడం కూడా తప్పేనా? నాలాంటి వాళ్లు మరి ఏం చేయాలి?


గోదారి గట్టు (ఆదివారం, ఉదయం 6:40)

నాకు జరిగింది చెప్తానండి. మాది రాజమండ్రి, ఇప్పుడు నిజాంపేటలో ఉంటున్నాం. నాలుగేళ్ల క్రితం కింది వాటా ఖాళీ అయితే టూలెట్ బోర్డు పెట్టాం. ఒక జంట వచ్చారు. ఆవిడ పట్టుచీర, చేతినిండా గాజులు. ఆయన ఇన్‌షర్ట్, చేతిలో కారు తాళం. 'అండి' అనకుండా ఒక్క మాట మాట్లాడలేదు. ఇల్లు చూపించాను, కూర్చోమన్నాను, కాఫీ కూడా కలిపాను. నేను వంటింట్లోకి వెళ్లిన ఆ ఐదు నిమిషాల్లో దేవుడి గదిలో పెట్టిన మా అత్తగారి గొలుసు, బీరువా మీది పర్సు పోయాయి.

అదే వారంలో మా గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలు అమ్మేవాడు మంచినీళ్లు అడిగితే నేను గేటు తీయకుండా సీసా పైనుంచి అందించాను. ఆ పిల్లాడు నీళ్లు తాగి సీసా గేటు మీద జాగ్రత్తగా పెట్టి వెళ్లాడు. ఎవరికి కాఫీ ఇచ్చాను, ఎవరికి గేటు తీయలేదు! ఇప్పటికీ తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఉప్పల్‌వాసి గారూ, ఆ అబ్బాయి ఇన్‌షర్ట్ చేసుకుని ఒక ఫైలు పట్టుకుని అలాగే గేటు గేటుకీ ఆగి ఉంటే మీరు ఫోటో తీసేవారా? దెప్పడానికి కాదండి, నిజంగానే అడుగుతున్నాను.


ఉప్పల్‌వాసి (ఆదివారం, ఉదయం 7:15)

తీసేవాడిని కాదు. అద్దెకు ఇల్లు వెతుక్కుంటున్నాడు అనుకునేవాడిని. కిందికి దిగి 'ఏం కావాలి సార్' అని కూడా అడిగేవాడినేమో.


ఖాకీ వదిలినవాడు (ఆదివారం, ఉదయం 9:05)

31 ఏళ్లు పని చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. రెండో అంతస్తు చెల్లెమ్మకు ముందు సమాధానం చెప్తాను.

అమ్మా, అమ్ముకునేవాళ్ల వేషంలో వచ్చి పగలు ఇళ్లు చూసిపోయే దొంగలు ఉన్నారు. అది అబద్ధమని నేను చెప్పను. చెడ్డీ గ్యాంగ్ వాళ్లు కూడా అలాగే చూసుకుని రాత్రికి వచ్చేవారు. కానీ వీధిలో తిరిగే వంద మంది అమ్మకందార్లలో ఆ ఒక్కడు ఎవరో చొక్కా చూసి చెప్పే విద్య పోలీసులకే లేదు, మీకు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇంటి దొంగతనాల్లో నేను చూసినవి ఎక్కువ తాళం వేసిన ఇళ్లు. గేటుకు మూడు రోజుల పేపర్లు వేలాడుతుంటాయి, పాల ప్యాకెట్లు అలాగే ఉంటాయి, సాయంత్రం వరండాలో లైటు వెలగదు. దొంగ చూసేది అది. మనం చూసేది వాడి చెప్పులు.

ఊరెళ్తుంటే పక్కింటి వాళ్లకు చెప్పండి, పేపరు ఆపించండి, స్టేషన్లో చెప్పి వెళ్లండి. ఆంధ్రాలో అయితే ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఉంది, తాళం వేసిన ఇంట్లో పోలీసులే కెమెరా పెడతారు. భయమేస్తే 100 కానీ 112 కానీ కొట్టండి. భయపడటం తప్పు కాదు. ఆ భయాన్ని రెండు వందల మంది ఉన్న గ్రూపు చేతికి ఇవ్వడం వేరు.

ఇక చట్టం. మామూలు మనిషి ఇంకో మనిషిని ఎప్పుడు పట్టుకోవచ్చో అరెస్టులు, విచారణ ఎలా జరగాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో 43వ సెక్షన్‌లో ఉండేది, ఇప్పుడు దాని చోట వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 40. మీ కళ్ల ముందు బెయిలు దొరకని, పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం చేస్తేనో, లేదా కోర్టు నేరస్థుడిగా ప్రకటించిన వాడైతేనో పట్టుకోవచ్చు. పట్టుకున్నా ఆలస్యం చేయకుండా, ఆరు గంటలు దాటకుండా పోలీసుకు అప్పజెప్పాలి. 'తేడాగా ఉన్నాడు' అన్నది నేరం కాదు. ఆ కుర్రాడిని అరుగు మీద నుంచి లేవనీయకుండా చేసిన ఎనిమిది మంది మీద అక్రమ నిర్బంధం కేసు పెట్టొచ్చు. చెంపదెబ్బకు వేరే సెక్షన్. వాడు పెట్టడు, అంతే. పెట్టే స్తోమత వాడికి లేదు.


బ్యాగు భుజాన (ఆదివారం, ఉదయం 11:30)

డెలివరీ పని చేస్తాను. రోజుకు ముప్పై గేట్లు. కంపెనీ టీషర్టు వేసుకుంటే 'ఏ బ్లాకు?' అని అడుగుతారు. ఆర్డర్లు లేని రోజు అదే కాలనీలో మా దోస్తును కలవడానికి మామూలు బట్టల్లో పోతే 'ఎవర్రా నువ్వు' అంటారు. మనిషిని నేనే, వాచ్‌మన్ కూడా అదే వాచ్‌మన్. ఒక్కోసారి ఆయన కూడా నన్ను గుర్తుపట్టడు. ముఖం ఎప్పుడూ చూడలేదు కదా, టీషర్టు రంగు చూశాడు.


కాలనీ సెక్రటరీ (ఆదివారం, మధ్యాహ్నం 1:10)

వేరే కాలనీలో ఆరేళ్లుగా సెక్రటరీగా ఉన్నాను. ఇక్కడ అందరూ మంచి మాటలు రాస్తున్నారు కానీ రేపు ఏదైనా జరిగితే అడిగేది నన్నే. 'సెక్రటరీ ఏం చేస్తున్నాడు, ఎవరు పడితే వాళ్లు ఎలా వచ్చారు' అంటారు. అందుకే మేం అమ్మకందార్లకు ప్రవేశం లేదని బోర్డు పెట్టాం. బయటివాళ్లు వస్తే రిజిస్టర్లో పేరు, ఫోన్ నంబర్, గుర్తింపు కార్డు ఫోటో. అందరికీ ఒకటే రూలు. దీంట్లో తప్పేముందో చెప్పండి.


ఖాకీ వదిలినవాడు (ఆదివారం, మధ్యాహ్నం 1:50)

సెక్రటరీ గారూ, మీది చుట్టూ గోడ ఉన్న ఒకే ప్రాజెక్టా, లేక లేఅవుట్ కాలనీకి తర్వాత గేటు పెట్టుకున్నారా? లేఅవుట్ అయితే రోడ్లు మున్సిపాలిటీకి రాసిచ్చినవి. అవి పబ్లిక్ రోడ్లు. వాటి మీద నడిచేవాణ్ణి ఆపి కార్డు అడిగే అధికారం సంఘానికి లేదు. వీధి వ్యాపారుల కోసం 2014లో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది. అది కూడా ఒకసారి చూడండి.

అందరికీ ఒకటే రూలు అన్నారు. కారులో వచ్చిన వాళ్లకు కూడా కార్డు ఫోటో తీస్తున్నారా?


కాలనీ సెక్రటరీ (ఆదివారం, మధ్యాహ్నం 2:20)

లేఅవుటే. కారు వాళ్లకు నంబర్ రాసుకుంటాం, కార్డు అడగం. మీరు అడిగాక ఆలోచిస్తున్నాను. నిజానికి అది నేను చెప్పి చేయించింది కాదు, వాచ్‌మన్ తనంతట తానే అలా చేస్తున్నాడు. కారు అద్దం దించమని అడగడానికి అతనికి ధైర్యం ఉండదు.


పాలమూరు మాస్టారు (ఆదివారం, సాయంత్రం 5:30)

ఉప్పల్‌వాసి తమ్ముడూ, నీ కథ రెండు గంటలతో, ఒక చెంపదెబ్బతో ఆగింది. ఆగకపోతే ఎట్లుంటుందో మేం 2018లో చూసినం.

నేను గద్వాల వైపు బడిలో పంతులును. ఆ ఎండాకాలం మా ఊళ్లో జనం బయట మంచాలు వేసుకోవడం మానేశారు. ఏప్రిల్, మే ఎండల్లో, కరెంటు లేని రాత్రి కూడా తలుపులు బిగించుకుని లోపల పడుకున్నారు. ఎందుకంటే ఫోన్లలో 'పార్థీ గ్యాంగ్ దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారు' అని వీడియోలు, వాయిస్ మెసేజ్‌లు. మా బడికి పిల్లలు రావడం తగ్గింది. వచ్చిన పిల్లల తల్లులు గేటు దగ్గరే కూర్చునేవారు.

అప్పట్లో తెగ తిరిగిన వీడియో ఒకటి గుర్తుందా? బైకు మీద ఇద్దరొచ్చి వీధిలో ఆడుకునే పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో వాళ్లే తిరిగొచ్చి పిల్లాణ్ణి దింపి, జాగ్రత్త అని రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క కత్తిరించి మన ఊళ్ల మీదికి వదిలారు.

అదే మే నెలలో నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ దగ్గర ఒకరిని, బీబీనగర్ మండలంలో బంధువుల ఇంటికి వచ్చిన మనిషిని కొట్టి చంపారు. మే 26 రాత్రి చాంద్రాయణగుట్టలో, రంజాన్ నెల కదా నాలుగు పైసలు వస్తాయని మా మహబూబ్‌నగర్ వైపు నుంచి అడుక్కోవడానికి వెళ్లిన ట్రాన్స్‌జెండర్లను గుంపు చుట్టుముట్టింది. ఒకరు చనిపోయారు. పోలీసులు మధ్యలో ఉన్నా ఆగలేదు.

మా జిల్లాలో ఒక్క ప్రాణం పోలేదు. అప్పుడు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరికొక పోలీసును కేటాయించారు. గద్వాల, వనపర్తి రెండు జిల్లాల్లో దాదాపు 400 ఊళ్లు. ఆ పోలీసు ఊరి వాట్సాప్ గ్రూపులో సభ్యుడు. ఏ మెసేజ్ వచ్చినా ఆయనకు చూపించేవారు. అంతకంటే పెద్ద పని చేసింది డప్పు. పోలీసులే కళాకారులను తీసుకొచ్చి, రచ్చకట్ట దగ్గర డప్పు కొట్టి, ఈ వీడియోలు ఎట్లా అబద్ధమో పాట కట్టి చెప్పించారు. ఫోన్లో వచ్చిన భయం ఫోన్లో పోలేదు. ఎదురుగా మనిషి నిలబడి చెప్తేనే పోయింది. మా బడి మెట్ల మీద కూర్చుని ఆ పాట విన్న ముసలమ్మ ఒకామె ఆ రాత్రే మంచం బయట వేసింది. అది నా కళ్లతో చూసిన.


రెండో అంతస్తు (ఆదివారం, సాయంత్రం 6:05)

మాస్టారూ, 2018లో ఆ కరాచీ వీడియో నేను కూడా పంపాను. మా పాప అప్పుడు కడుపులో ఉంది. ఎంతమందికి పంపానో గుర్తు లేదు.


బాపట్ల బిడ్డ (ఆదివారం, రాత్రి 8:15)

మాస్టారు గారు 'పార్థీ గ్యాంగ్' అన్నారు కదా, ఆ మాట దగ్గరే ఆగాలి. పార్థీ అనేది ఒక జాతి పేరు. పేరు పక్కన గ్యాంగ్ అని చేరిస్తే పుట్టిన పసిపాప కూడా గ్యాంగే అయిపోతుంది.

1871లో ఇంగ్లీషు వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. కొన్ని కులాలు పుట్టుకతోనే నేరస్థులని. 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలోనూ అమలు చేశారు. మా దగ్గరి స్టూవర్టుపురం అట్లా పుట్టిన ఊరే. ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి అప్పగించి సెటిల్‌మెంట్ పెట్టారు. ఊరి పేరు కూడా హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారిది. రోజూ హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. 1952లో చట్టం రద్దయింది. డెబ్బై ఏళ్లు దాటింది కదా, ఇప్పటికీ ఆ ఊరి పేరు చెప్తే ఎదుటివాళ్ల ముఖం మారుతుంది. నాతో డిగ్రీ చదివిన స్నేహితుడు ఉద్యోగం ఇంటర్వ్యూల్లో 'బాపట్ల దగ్గర' అని ఆపేసేవాడు. అద్దె ఇంటికి వెళ్లినా అంతే. క్లాసులో అందరికంటే మంచి మార్కులు వాడివే.


గుమ్మెట (ఆదివారం, రాత్రి 9:40)

నేను ఇక్కడ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. బాపట్ల అన్న రాసింది చూశాక రాయాలనిపించింది.

మాది బుడిగ జంగాల కుటుంబం. మా నాన్న తంబుర పట్టుకుని, పక్కన మా పెదనాన్న గుమ్మెట వాయిస్తూ ఊరూరా కథలు చెప్పేవారు. నా చిన్నప్పుడు ఊళ్లోకి వెళ్తే 'జంగాలోళ్లు వచ్చిండ్రు' అని అరుగు ఊడ్చి చోటిచ్చేవారు. రాత్రంతా కథ. పొద్దున చేటలతో జొన్నలు. మనిషి కొత్తవాడే. కానీ వాడు వచ్చే కాలం, వాడి పాట, వాడి వేషం ఊరికి తెలుసు. గంగిరెద్దుల వాళ్లు, హరిదాసులు, బుడబుక్కల వాళ్లు, పగటి వేషాల వాళ్లు, పిట్టలదొర, ఇలా ఏడాదికి ఎంతమంది కొత్త ముఖాలు ఊళ్లోకి వచ్చేవాళ్లు! బుడబుక్కల ఆయన తెల్లవారుజామున చీకట్లో ఇంటి ముందుకొచ్చి ఢమరుకం వాయించేవాడు. ఇప్పుడు అదే పని చేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

టీవీలు వచ్చాక కథలు పోయాయి. మా అమ్మ చిక్కు వెంట్రుకలు కొని స్టీలు గిన్నెలు ఇచ్చే పని పట్టుకుంది. 2018 మే నెలలో ఆమెను, మా పిన్నిని ఒక ఊళ్లో గుడి దగ్గర నిలబెట్టారు. సంచిలో ఏముందో కింద పోయించారు. వెంట్రుకలే. వెంట్రుకలు చూసి ఇంకా అనుమానం పెరిగింది. ఆ ఊళ్లో ఇరవై ఏళ్ల క్రితం మా నాన్న కథ విన్న ముసలాయన ఒకాయన గుర్తుపట్టి 'వీళ్లు మన జంగాలోళ్లు రా' అని అడ్డం నిలబడ్డాడు. ఆయన లేకపోతే ఏమయ్యేదో.

రెండు నెలలు తిరక్కుండా, జూలై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడలో ఐదుగురిని చంపారు. నాథ్ గోసావి సంచార జాతి వాళ్లు. భిక్ష అడుక్కుంటూ సంతలోకి వచ్చారు. పంచాయతీ ఆఫీసు గదిలో వేసి కొట్టి చంపారు. వార్త చూసి మా అమ్మ ఆరు నెలలు ఇల్లు కదల్లేదు. ఆ ఆరు నెలలు నేను నా హాస్టల్ ఫీజు కోసం కేటరింగ్‌కు వెళ్లాను.

ఉప్పల్‌వాసి అన్నా, మీరు ఈ విషయం బయట పెట్టినందుకు మీ మీద నాకు కోపం లేదు. కానీ ఆ అబ్బాయి ఇంటికి ఫోన్ చేసి అమ్మతో ఏం చెప్పి ఉంటాడో అన్నదే నా మనసులో తిరుగుతోంది. మా అమ్మ అయితే నాకు ఏమీ చెప్పలేదు. పిన్ని చెప్పింది.


ప్లేనో నుంచి (సోమవారం, ఉదయం 5:20)

టెక్సాస్‌లో ఉంటాను. మా అమ్మానాన్నలు ఏటా ఆరు నెలలు ఇక్కడికి వస్తారు. నాన్న తెల్ల పంచె, మంకీ క్యాప్ వేసుకుని పొద్దున్నే వాకింగ్‌కు వెళ్తారు. ఇళ్ల ముందు పూలు బాగుంటే ఆగి చూస్తారు. నాకు ఎంత టెన్షనో.

ఎందుకంటే 2015 ఫిబ్రవరిలో అలబామా రాష్ట్రంలో మాడిసన్ అనే ఊళ్లో సరిగ్గా ఇదే జరిగింది. మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన 57 ఏళ్ల పెద్దాయన కొడుకు ఇంటి ముందు ఫుట్‌పాత్ మీద నడుస్తున్నాడు. ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు, ఎవరో నల్లగా, సన్నగా ఉన్న మనిషి గరాజ్‌ల వైపు చూస్తూ తిరుగుతున్నాడని. పోలీసులు వచ్చి ఇంగ్లీషులో అడిగారు, ఆయనకు రాదు. ఒక పోలీసు నేలకేసి కొట్టాడు. మెడ ఎముక దెబ్బతిని కాళ్లూ చేతులూ సరిగా ఆడకుండా పోయాయి. రాష్ట్ర గవర్నరు క్షమాపణ చెప్పారు. ఆ పోలీసు మీద కేసు మాత్రం నిలబడలేదు.

ఉప్పల్‌వాసి రాసింది చదువుతుంటే అదే కళ్ల ముందు కనిపించింది. భాష రాని మనిషి, ఇళ్ల వైపు చూపు, బాల్కనీలోంచి ఒక ఫోన్. అమెరికాలో మనం అరుగు మీద కూర్చున్న మనిషిమి. మన ఊళ్లో బాల్కనీలో ఉన్న మనిషిమి.

ఒక పనికొచ్చే సంగతి చెప్తాను. ఇక్కడ నెక్స్ట్‌డోర్ అని వీధి వాళ్లంతా మాట్లాడుకునే యాప్ ఉంది. కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో నల్లజాతి వాళ్లు వీధిలో కనిపించినా 'అనుమానాస్పద వ్యక్తి' అని పోస్టులు పెట్టేవారు. చాలా గొడవ అయ్యాక 2016లో ఫారం మార్చారు. మనిషి ఏం చేస్తున్నాడో ముందు రాయాలి. తర్వాతే ఎలా ఉన్నాడో. ఒంటి రంగు ఒక్కటే రాసి పోస్టు చేద్దామంటే ముందుకు వెళ్లదు. అలాంటి పోస్టులు బాగా తగ్గాయని కంపెనీ చెప్పింది. మీ కాలనీ గ్రూపుకు యాప్ మార్చక్కర్లేదు. పంపే ముందు 'వాడు చేసిందేమిటి?' అని ఒక వాక్యం రాయమంటే చాలు.


ఉప్పల్‌వాసి (సోమవారం, ఉదయం 7:40)

నేను ఆ వాక్యం రాసి చూశాను. 'ఒక కుర్రాడు గేట్ల ముందు ఆగి లోపలికి చూస్తున్నాడు, భుజం మీద రగ్గులు ఉన్నాయి.' ఇలా రాస్తే రగ్గులు అమ్ముకుంటున్నాడని ఎవరికైనా అర్థమవుతుంది. రాసేటప్పుడు నాకే అర్థమై ఉండేది.


మూడో నంబర్ బస్సు (సోమవారం, ఉదయం 10:15)

ఆ ఫోటో ఇక్కడ పెట్టండి, మేమూ చూస్తాం, నిజంగా అనుమానించేలా ఉన్నాడో లేదో.


నిర్వాహకులు (సోమవారం, ఉదయం 10:22)

పెట్టకండి. ఆ కుర్రాడి ఫోటో కానీ, గుర్తుపట్టే వివరాలు కానీ ఇక్కడ పెడితే తీసేస్తాం.


పాలమూరు మాస్టారు (సోమవారం, మధ్యాహ్నం 12:50)

మంచి పని చేశారు. ఇంకో మాట. మాసిన చొక్కా వాళ్లకే ఈ ఆపద అనుకుంటున్నారేమో. అదే 2018 జూలై 13న బీదర్ జిల్లా ముర్కిలో చనిపోయింది హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. స్నేహితులతో మంచి కారులో వెళ్లారు. వాళ్లలో విదేశం నుంచి వచ్చిన ఒకాయన బడి పిల్లలకు చాక్లెట్లు పంచాడు. అంతే. ఫోటోలు, వీడియోలు వాళ్ల కారు కంటే ముందు పక్క ఊరికి చేరాయి. మా ఊరి నుంచి బీదర్ ఎంత దూరం? నాలుగు రోజులకే, జూలై 17న, సుప్రీంకోర్టు మూకదాడులు ఆపడానికి ప్రతి జిల్లాకూ ఒక నోడల్ పోలీసు అధికారి ఉండాలని చెప్పింది. వాట్సాప్ కూడా ఆ నెలలోనే మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. ఇప్పుడు ఐపీసీ చోట వచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌లో 103(2) సెక్షన్ ఉంది, ఐదుగురు కానీ అంతకంటే ఎక్కువ మంది కానీ కలిసి కులం, భాష, పుట్టిన చోటు లాంటి కారణంతో చంపితే యావజ్జీవం లేదా ఉరి. ఇవన్నీ ఉండాల్సిందే. కానీ అప్పట్లో ఐదు చాట్లు అంటే ఐదు గ్రూపులు కూడా కావచ్చు. మా వైపు రెండు మండలాలకు అవి సరిపోయేవి.


రెండో అంతస్తు (సోమవారం, రాత్రి 9:30)

మొన్న అడిగిన ప్రశ్నకు నాకు నేనే జవాబు చెప్పుకుంటున్నాను. ఈ రోజు మా అపార్ట్‌మెంట్ కిందికి కత్తులు సాన పట్టే ఆయన వచ్చాడు. గ్రూపులో అప్పుడే ఎవరో 'ఎవరీ మనిషి' అని పెట్టారు. నేను పాపను తీసుకుని కిందికి వెళ్లి రెండు కత్తిపీటలు సాన పట్టించుకున్నాను. గ్రూపులో 'సాన పట్టే ఆయన, కడప నుంచి వచ్చారట, కత్తికి ముప్పై రూపాయలు' అని పెట్టాను. ఇంకో నలుగురు కిందికి దిగారు. భయం పూర్తిగా పోయిందని చెప్పను. కానీ ఆయన ముఖం ఇప్పుడు నాకు తెలుసు.


ఉప్పల్‌వాసి (బుధవారం, రాత్రి 11:05)

వారం అయింది. చేసింది రాస్తాను.

ఆదివారం గ్రూపులో నా పేరుతో రాశాను, ఆ పోస్టు పెట్టడం నా తప్పని, ఆ అబ్బాయి ఏమీ చేయలేదని. ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. కొట్టినాయన ఫోన్ చేసి 'నన్ను అందరి ముందు దోషిని చేస్తావా' అని కోప్పడ్డాడు. నేను ఆయన పేరు రాయలేదని చెప్పాను. రాత్రి మళ్లీ ఆయనే ఫోన్ చేసి, ఆ కుర్రాడు ఎక్కడుంటాడో తెలిసిందా అని అడిగాడు. తర్వాత ఏం మాట్లాడాలో మా ఇద్దరికీ తెలియలేదు.

స్టేషన్లో ఆ కుర్రాడి నంబర్ ఇవ్వలేమన్నారు, కానీ రగ్గుల వాళ్లు ఉండే బస్తీ ఎటు వైపో చెప్పారు. నిన్న సాయంత్రం వెళ్లాను. ఒక గదిలో తొమ్మిది మంది ఉంటున్నారు, గోడ పొడుగునా రగ్గుల కట్టలు. ఆ కుర్రాడు లేడు. శుక్రవారమే ఊరికి రైలెక్కాడట. వాళ్ల అన్న నన్ను కూర్చోమని చాప వేశాడు, చాయ్ తెప్పించాడు. ఫోటో తీసింది నేనేనని చెప్పాను. నా హిందీ సరిగా లేదు, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తమ్ముడికి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు.

'గల్తీ హో గయా, మాఫ్ కరో' అన్నాను. అటువైపు నుంచి చాలాసేపు మాట లేదు. తర్వాత ఒకే ఒక్కటి అడిగాడు, ఆ ఫోటో తీసేశారా అని. తీసేస్తే మళ్లీ హైదరాబాద్ వస్తాడట. లేకపోతే ఏ వీధికి వెళ్లినా గుర్తుపడతారని భయంగా ఉందట.

మా గ్రూపులో తీసేశాను కానీ అప్పటికే అది ఇంకో నాలుగు కాలనీల గ్రూపులకు వెళ్లింది. నిన్న రాత్రి నుంచి వాటి అడ్మిన్లకు ఫోన్లు చేస్తున్నాను. రెండు గ్రూపుల్లో తీసేసి, దొంగ కాదని నేను రాసిచ్చిన మాట పెట్టారు. మూడో ఆయన ఆదివారం మీటింగులో అడిగి చెప్తానన్నాడు. నాలుగో ఆయన ఫోన్ ఎత్తడం లేదు. ఆ కాలనీ మాకు రెండు కిలోమీటర్లు. రేపు పొద్దున ఆఫీసుకు వెళ్లేముందు వాళ్లింటికి వెళ్తాను.